అమెరికా యూనివర్సిటీల్లో రీఛార్జి సెంటర్ లెక్కలు – 3వ పాఠం: గంట రేటు కట్టడం

యూనివర్సిటీలోనే ఒక యూనిట్ మిగతా డిపార్ట్‌మెంట్లకు పని చేసిపెట్టి, వాళ్ల గ్రాంటు (పరిశోధనకు వచ్చే నిధుల) ఖాతాల నుంచి రుసుము తీసుకుంటే, ఆ యూనిట్‌నే రీఛార్జి సెంటర్ అంటారని ఇదివరకే చెప్పుకున్నాం. లాభం చూసుకోకూడదు, నష్టం మిగలకూడదు. ఈసారి పెన్నూ కాగితం తీసుకోండి, ల్యాబుల్లో వాడే ఒక ఖరీదైన లేజర్ మైక్రోస్కోపుకి (కాన్‌ఫోకల్ అంటారు) గంట రేటు కడదాం. అంకెలు ఊహించినవి, పద్ధతి మాత్రం అసలుదే.

ముందు ఏడాది ఖర్చు. టెక్నీషియన్ జీతం, బెనిఫిట్లు కలిపి 60,000 డాలర్లు. సర్వీస్ కాంట్రాక్టు 20,000. ఆయిల్, స్లైడ్లు వగైరా 4,000. పోయినేటి లోటు 3,000 కూడా వేసుకోవచ్చు. మిగులు ఉండుంటే తీసేయాల్సిందే.

తరుగుదల దగ్గరే చాలామంది తడబడతారు. మిషన్ 3,00,000, పదేళ్లు పనిచేస్తుంది, కాబట్టి ఏడాదికి 30,000 అని రాసేస్తారు. కానీ సగం డబ్బు ఎన్‌ఐహెచ్ (అమెరికా ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) గ్రాంటుది అనుకోండి. ఫెడరల్ సొమ్ముతో కొన్నదానికి తరుగుదల పేరుతో మళ్లీ ఫెడరల్ గ్రాంట్ల నుంచే వసూలు చేయకూడదు. అందుకే 15,000 చాలు. మొత్తం 1,02,000.

ఇక గంటలు. ఏడాదిలో 2,000 పని గంటలున్నాయి కదా అని భాగిస్తే 51 డాలర్లు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ లాగ్‌బుక్‌లో ఉన్నవి 1,200 గంటలే! 51 చొప్పున వచ్చేది 61,200, ఏడాది చివర 40,800 లోటు, ఆపైన డీన్ ఆఫీసు నుంచి పిలుపు. 1,200తోనే భాగించండి: 85.

ప్రొఫెసర్లు గొణుగుతారు. డిపార్ట్‌మెంట్ తన ఫెడరలేతర నిధుల్లోంచి 18,000 భరిస్తే 70కి దిగుతుంది. అంతేగాని మనవాడని ఒకరికి 40, ఇంకొకరికి 85 వేస్తే ఆడిట్‌లో దొరికిపోతారు. ఫెడరల్ నిబంధన 2 సీఎఫ్ఆర్ 200.468 ప్రకారం బిల్లు అసలు వాడకాన్ని బట్టే వెయ్యాలి, ఫెడరల్ పనికీ యూనివర్సిటీ సొంత పనికీ తేడా చూపకూడదు, కనీసం రెండేళ్లకోసారి రేటు సవరించాలి. బయటి కంపెనీకి ఎక్కువ వేసుకోవచ్చు. దాని పన్ను గొడవ వేరు, ఐదో పాఠంలో చూద్దాం.

అభ్యాసం: డిపార్ట్‌మెంట్ భరించే ఆ 18,000 సబ్సిడీ లేదనుకోండి. సెంటర్ డైరెక్టర్ గారి ల్యాబ్ ఏటా ఇంకో 300 గంటలు లాగ్‌బుక్‌లో రాయకుండా వాడుకుంటోంది. అవీ కలిపితే రేటెంత? ఆ 300 గంటల బిల్లు ఎవరి ఖాతాకి వెయ్యాలి? జవాబులు వచ్చే పాఠంలో.