మెయింటెనెన్స్ లెక్కలో చిల్లర తేల్చడం ఎలా?

మా అపార్ట్‌మెంట్‌లో పన్నెండు ఫ్లాట్లు. నెలనెలా లెక్కలు చూసేది నేనే. కామన్ కరెంటు, లిఫ్టు, నీళ్ల ట్యాంకర్లు, వాచ్‌మన్ జీతం కలిపి 18,470 రూపాయలు అయిందనుకోండి. పన్నెండుతో భాగిస్తే 1539.1666... ఇలా పోతూనే ఉంటుంది. ఈ తోకను చాలామంది ఎక్సెల్ పైనుండే బటన్‌తో, పాయింటు తర్వాతి అంకెలు తగ్గించేసి ఊరుకుంటారు. దాంతో అది కనబడదంతే, పోదు. గడిలో 1539 అని ఉన్నా లోపల పైసలు అలాగే ఉంటాయి. కాబట్టి షీటు కింద మొత్తం 18,470 అనే చూపిస్తుంది. మూడో అంతస్తు మాస్టారు ఫోన్‌లో 1539ని పన్నెండుతో గుణిస్తే మాత్రం 18,468 వస్తుంది. ఇక వాట్సాప్ గ్రూపులో ఆ రెండు రూపాయల మీద చర్చ మొదలు.

అసలు సంఖ్యనే మార్చాలంటే రౌండ్ ఫార్ములా వాడాలి. మొత్తం బి2లో ఉంటే, సి2లో ఇలా:

=రౌండ్($బి$2/12,0)

(ఇక్కడ తెలుగులో రాశాను గానీ గడిలో ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి. కిందికి లాగినా బి2 కదలకుండా ఉండడానికే ఆ డాలర్ గుర్తులు.)

చివరి సున్నా అంటే రూపాయికి సరిచేయమని. 2 పెడితే పైసల వరకు ఉంచుతుంది, -1 పెడితే పదికి, -2 పెడితే వందకి సరిచేస్తుంది. ప్లస్ సంఖ్యల్లో సరిగ్గా సగం ఉంటే పైకే పోతుంది.

ఇప్పుడు ఆ రెండు రూపాయల సంగతి. సి2 నుంచి సి12 దాకా పదకొండు ఫ్లాట్లకు పై ఫార్ములా పెట్టి, పన్నెండోదానికి =$బి$2-సమ్(సి2:సి12) అని రాస్తే 1541 వస్తుంది. మొత్తం పైసాతో సహా సరిపోతుంది. కానీ ప్రతినెలా ఆ ఒక్క ఫ్లాటువాళ్లే ఎందుకు మోయాలి? నేనైతే =రౌండప్($బి$2/12,-1) వాడతాను. అందరికీ 1540. ఎక్కువొచ్చిన పది రూపాయలను నిల్వలో వేరే వరుసగా చూపిస్తాను. ప్లస్ సంఖ్యలకు రౌండప్ ఎప్పుడూ పైకే, రౌండ్‌డౌన్ ఎప్పుడూ కిందికే.

చదరపు అడుగుల లెక్కన వసూలు చేసేవాళ్లకు ఇంకొకటి. 1185 అడుగులకు 2.75 చొప్పున 3258.75 అవుతుంది, అది డి2లో ఉందనుకోండి. దగ్గర్లోని యాభైకి సరిచేయాలంటే =ఎమ్‌రౌండ్(డి2,50), అంటే 3250. పై యాభైకే కావాలంటే =సీలింగ్(డి2,50), అంటే 3300.

అడ్వాన్సు కట్టినవాళ్ల బాకీని మైనస్‌లో రాసే అలవాటుంటే ఒక్క జాగ్రత్త. ఎక్సెల్‌లో ఎమ్‌రౌండ్‌కు మైనస్ సంఖ్య, ప్లస్ యాభై కలిపి ఇస్తే ఎర్రర్ చూపిస్తుంది. పైసలు తీసేద్దామని ఇంట్ వాడితే -150.40 కాస్తా -151 అవుతుంది. అక్కడ ట్రంక్ (స్పెల్లింగ్‌లో చివర కె కాదు, సి) వాడండి, -150 వస్తుంది.