ఏళ్ల తరబడి పోగుచేసిన రాక్ ఎల్పీలన్నీ వరసగా వినాలంటే

ముందు లెక్క వేసుకోండి. ఎల్పీ, అంటే నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పెద్ద రికార్డు, ఒకటికి 40 నిమిషాలనుకుంటే 500 ఎల్పీలకు 333 గంటలు. రోజుకో గంట కేటాయిస్తే పదకొండు నెలలు. ఆడియో-టెక్నికా కంపెనీ తన ఎలిప్టికల్ (కోడిగుడ్డు ఆకారపు మొన) సూది 300 గంటలు వస్తుందంటుంది, మైక్రోలీనియర్ (ఇంకా సన్నగా చెక్కిన మొన) సూది 1000 గంటలు. అంటే ఎలిప్టికల్ సూదితో మొదలుపెడితే చివరి 50 రికార్డులు అరిగిన సూది కింద పడతాయి. అరిగిన సూది గాడిని చెక్కేస్తుంది, ఆ నష్టాన్ని ఏ క్లీనింగూ పూడ్చలేదు. అందుకే కొత్త సూదితో మొదలుపెట్టండి, వీలైతే మైక్రోలీనియర్ కొనండి. ఎన్ని గంటలు వాడారో టర్న్‌టేబుల్ పక్కనే ఓ కాగితం మీద రాస్తూ పోండి.

సూది రికార్డు మీద మోపే బరువు తయారీదారు చెప్పిన అంకె దగ్గరే ఉండాలి. ఆడియో-టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కి (సూదిని పట్టుకునే చిన్న పెట్టె) 2 గ్రాములు, ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కి 1.8. ఆర్మ్ వెనక చక్రం మీది అంకెల కంటే, చిన్న డిజిటల్ తూకం మీద చూసుకోవడం మేలు. బరువు తగ్గిస్తే రికార్డు అరగదని చాలామంది నమ్ముతారు. జరిగేది దానికి పూర్తిగా ఉల్టా: తేలికైన సూది గాడిలో నిలవక గోడలకు కొట్టుకుంటుంది, గాడి పాడయ్యేది అప్పుడే. తర్వాత అలైన్‌మెంట్, అంటే కార్ట్రిడ్జ్ కోణం. కొలత గీతలున్న ప్రొట్రాక్టర్ అట్ట పెట్టి, స్పిండిల్ (నడిమి కడ్డీ) నుంచి 66 మిల్లీమీటర్లు, 120.9 మిల్లీమీటర్ల దగ్గర కార్ట్రిడ్జ్ గీతలకు సమాంతరంగా ఉందో లేదో చూడండి.

అమెరికా నుంచి టర్న్‌టేబుల్ తెచ్చుకున్నవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. పాత ఏసీ సింక్రోనస్ మోటారు (కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టే వేగం ఉండేది) అయితే అది 60 హెర్ట్జ్ కరెంటుకు తయారైంది. మన 50 హెర్ట్జ్ మీద నిమిషానికి 33⅓ బదులు 27.8 చుట్లే తిరుగుతుంది. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని ముట్టుకోదు. 50 హెర్ట్జ్ పుల్లీ (మోటారు కప్పీ) దొరికితే అది మార్చాలి. వేగం చూడ్డానికి స్ట్రోబ్ డిస్క్ (చుట్టూ గీతలున్న అట్ట) వాడితే మనకు పనికొచ్చేది 180 గీతల వలయం, 216 గీతలది అమెరికాకి. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ కింద చూస్తే గీతలు కదలకుండా నిలబడాలి. చాలా ఎల్‌ఈడీ బల్బుల కింద ఇది తెలియదు.

రికార్డులన్నీ ఒకేసారి కడగాలనుకుంటే ఆ పని దగ్గరే ఆగిపోతారు. వారానికి పది చొప్పున చాలు. 800 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 200 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలపండి. మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే తుడవాలి, అడ్డంగా కాదు, లేబుల్ తడవకూడదు. ఆ తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి తుడవండి. ఈ రెండో తడవ మానేస్తే కరిగిన మురికి గాడిలోనే ఎండిపోయి సూదికి అంటుకుంటుంది. ఫ్యాను కింద ఆరబెట్టకండి, దుమ్మంతా దాని మీదే వాలుతుంది. ఇదంతా వినైల్‌కి, అంటే ఎల్పీల ప్లాస్టిక్‌కి మాత్రమే. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు షెల్లాక్ (లక్క) రికార్డు మీద ఆల్కహాల్ పడిందంటే అది పాడైనట్టే.

ఏ వరసలో వినాలి? బ్యాండ్ పేరు ప్రకారం కాకుండా విడుదలైన సంవత్సరం ప్రకారం వినండి. అప్పుడే స్టూడియో ఎలా మారిందో చెవికి దొరుకుతుంది. 1967లో బీటిల్స్ సార్జెంట్ పెప్పర్ నాలుగు ట్రాకుల (విడివిడిగా శబ్దం నింపే పట్టీలు) యంత్రం మీద తయారైంది, 1969లో వాళ్లదే అబీ రోడ్ ఎనిమిది ట్రాకుల మీద, 1973లో పింక్ ఫ్లాయిడ్ డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ పదహారు ట్రాకుల మీద. అబీ రోడ్ చివర్లో డ్రమ్ముల సోలో రెండు స్పీకర్ల మధ్యా పరుచుకుంటుంది. పెప్పర్ స్టీరియో వెంటనే పెట్టి డ్రమ్ములు ఎటు కూర్చున్నాయో వినండి, తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. అరవైల మోనో ఎల్పీ అయితే ఆంప్లిఫయర్ మీద మోనో బటన్ నొక్కండి. సూది నిలువు కదలిక నుంచి వచ్చే గరగర చాలామటుకు తగ్గుతుంది.

వాల్యూమ్ నాబ్ మీద ఒక గుర్తు పెట్టుకుని అక్కడే విని చూడండి. ఒకే ఆల్బమ్ రెండు ప్రెస్సింగులు (వేర్వేరు అచ్చులు) పోల్చేటప్పుడు మాత్రం రెండూ చెవికి ఒకే స్థాయిలో వినపడేలా సరిచేయాలి. కాస్త గట్టిగా వినిపించేదే మెరుగనిపించడం చెవి స్వభావం.

ఏదైనా రికార్డు చెడ్డగా వినిపిస్తే తీర్పు ఇచ్చే ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోవాలి. నా దృష్టిలో ఈ పనంతటికీ ఇదే ప్రాణం. ప్రతి 1.8 సెకన్లకు టిక్కుమంటే గీత పడిందన్నమాట, ఒక చుట్టుకు పట్టే సమయం అంతే. అదే లయలో శ్రుతి ఊగుతుంటే, సాగదీసిన గిటార్ స్వరంలో ఇది బాగా తెలుస్తుంది, నడిమి రంధ్రం పక్కకు జరిగి ఉంటుంది. పైనుంచి చూస్తే కార్ట్రిడ్జ్ అటూ ఇటూ ఊగుతూ కనిపిస్తుంది. అన్ని రికార్డుల్లోనూ చివరి పాటలే బరబరమంటే అలైన్‌మెంట్ చూడండి. బయటి అంచున గాడి సూది కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు పరిగెడితే, లేబుల్ దగ్గర 21 సెంటీమీటర్లే. అదే సంగీతం అంత తక్కువ జాగాలో ఇరుకుతుంది కాబట్టి చిన్న తప్పు కూడా అక్కడ పెద్దదై వినిపిస్తుంది. కుడి స్పీకర్లోనే శబ్దం చీరుకుపోతుంటే యాంటీ-స్కేట్ (ఆర్మ్ లోపలికి జారకుండా ఆపే సర్దుబాటు) చాలడం లేదు. ఒక్క రికార్డే, కడిగాక కూడా, మొదటి పాట నుంచే గొంతు దగ్గర పగులుతుంటే దాన్ని ఎప్పుడో అరిగిన సూది తినేసింది. ఎడతెగని బుయ్‌మనే హమ్ వస్తే ఎర్త్ వైరు ఊడింది.

నోటుబుక్కులో ప్రతి వైపుకీ నాలుగు సంగతులు రాయండి: తేదీ, లేబుల్ చుట్టూ ఉన్న నున్నటి భాగంలో చెక్కిన సంఖ్య, తప్పు ఏ పాటలో ఎన్నో నిమిషంలో ఉందో, మీ చెవికి కొత్తగా తగిలింది ఏమిటో ఒక్క వాక్యం. ఆ చెక్కుడు సంఖ్యను చిన్నచూపు చూడకండి. 1969 నాటి అమెరికా లెడ్ జెప్పెలిన్ 2 మీద ఆర్‌ఎల్ అనే అక్షరాలుంటే అది మాస్టరింగ్ ఇంజనీర్ రాబర్ట్ లుడ్విగ్ గట్టి శబ్దంతో గాడి కట్ చేసిన ప్రతి. చవక ప్లేయర్ల మీద సూది ఎగురుతోందని తర్వాత మెత్తగా మళ్లీ కట్ చేశారు. కోల్‌కతా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన బీటిల్స్ ఎల్పీని ఇండియా ప్రెస్సింగు కదా అని పక్కన పెట్టకండి. వైఈఎక్స్ (YEX)తో మొదలయ్యే సంఖ్య కనిపిస్తే అది బ్రిటన్ రికార్డు కంపెనీ ఈఎంఐ వాడిన స్టీరియో మాట్రిక్స్, అంటే ఆ చెక్కుడు సంఖ్యే.

విన్న రికార్డును కొత్త పాలిథీన్ లోపలి కవర్లో పెట్టి బీరువాలో నిలువుగా నిలబెట్టండి. పీవీసీ కవర్లు వేడికి వినైల్ మీద తెల్లటి పొగమంచు లాంటి మరక వదులుతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో బీరువాను గోడకు నాలుగు వేళ్లు దూరంగా జరపండి, లేకపోతే వానాకాలంలో అట్టలకు బూజు పడుతుంది. ఏ రికార్డునైనా ఇచ్చేయాలనిపిస్తే అదే రోజు ఇవ్వకండి. ఓ నెల తర్వాత, కడిగి, వెనక వైపు నుంచి మొదలుపెట్టి మరోసారి విన్నాకే తేల్చుకోండి.