రైస్ మిల్లు టచ్ స్క్రీన్‌ను ఆపరేటర్‌కి అర్థమయ్యేలా డిజైన్ చేయడం ఎలా?

తిరిగే ఫ్యాన్లు, మెరిసే మోటార్లు, రంగురంగుల పైపులు... యజమానికి డెమో ఇచ్చేటప్పుడు ఇవన్నీ బాగానే ఉంటాయి. ఆ స్క్రీన్ ముందు రాత్రంతా ఉండేది మాత్రం ఆపరేటర్. డిజైన్ అతని కోసం చేయాలి.

1. ముందు మిల్లుకి వెళ్లండి. ఒక షిఫ్ట్ పూర్తిగా చూడండి, నైట్ షిఫ్ట్ అయితే మరీ మంచిది. ఏ మిషన్‌ని ఏమని పిలుస్తున్నారో రాసుకోండి. డ్రాయింగులో "ఎం-07" అని ఉన్నా స్క్రీన్ మీద "పాలిషర్ ఎలివేటర్" అనే ఉండాలి. (పాలిషర్ అంటే బియ్యానికి మెరుపు తెచ్చే మిషన్, ఎలివేటర్ అంటే బియ్యాన్ని పైకి ఎత్తే మిషన్.)

2. మెయిన్ స్క్రీన్‌కి లేత బూడిద రంగు చాలు. తేడా వచ్చిన చోటే ఎరుపో పసుపో కనిపించాలి. ఎరుపు, ఆకుపచ్చల తేడా పోల్చలేని వాళ్లూ ఉంటారు కాబట్టి పక్కనే "ఆగింది" అని మాట కూడా రాయండి. పాలిషర్ లోడ్ "32 ఆంప్స్" అని ఊరికే చూపిస్తే ఎక్కువో తక్కువో తెలియదు. మామూలుగా ఎంత ఉండాలో పక్కన ఒక గీతతో చూపించండి.

3. మిల్లులో చివరి మిషన్ ముందు స్టార్ట్ కావాలి. లేదంటే వెనక నుంచి వచ్చే బియ్యం పేరుకుపోయి ఎలివేటర్ చోక్ అవుతుంది. అందుకే వరుస తప్పి నొక్కితే మోటార్ తిరగదు. అప్పుడు బటన్ ఊరికే పనిచేయకుండా ఉంటే ఆపరేటర్‌కి చిర్రెత్తుతుంది. "ముందు ప్యాకింగ్ ఎలివేటర్ ఆన్ చేయండి" అని కారణం చెప్పండి. ఎమర్జెన్సీ స్టాప్‌ని మాత్రం స్క్రీన్‌కి వదిలేయొద్దు. పసుపు మీద ఎర్రటి అసలు బటన్ విడిగా ఉండాల్సిందే.

4. అలారాలు తగ్గించండి. 1994 జూలై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ చమురు రిఫైనరీలో పేలుడుకు ముందు, చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు వచ్చిపడ్డాయి. అన్ని మోగితే అసలుది ఏదో ఎవరికి తెలుస్తుంది? ఆపరేటర్ చేయాల్సిన పని లేకపోతే అది అలారం కాదు, రికార్డులో రాసుకుంటే సరిపోతుంది. ఒక్క మోటార్ ట్రిప్ అయితే (లోడ్ ఎక్కువై దానంతట అదే ఆగిపోతే) దాని వెనక ఆగిన పది మోటార్లూ మోగక్కర్లేదు. మొదట ఆగినదే పైన చూపించండి: "పాలిషర్ ఎలివేటర్ ఓవర్‌లోడ్. బూట్‌లో బియ్యం తీసి, రీసెట్ నొక్కండి." (బూట్ అంటే ఎలివేటర్ అడుగు భాగం.)

5. యజమాని ఫోన్ యాప్‌లోనూ అవే పేర్లు, అవే రంగులు. స్టార్ట్ బటన్ మాత్రం పెట్టొద్దు, అడిగినా సరే. ఎక్కడో కూర్చుని నొక్కిన క్షణంలో ఎలివేటర్‌లో ఎవరి చెయ్యి ఉందో ఫోన్‌కి తెలియదు.

6. ప్రోగ్రామ్ రాయకముందే కాగితం మీద గీసి ఆపరేటర్‌కి ఇవ్వండి. "పాలిషర్ ట్రిప్ అయింది, ఏం నొక్కుతావన్నా?" అని అడిగి, ఇక మాట్లాడకండి. కరెంటు పోయి వచ్చాక ఎక్కడి నుంచి మొదలుపెడతాడో కూడా చేయించి చూడండి. ఎక్కువ మార్పులు అక్కడే బయటపడతాయి.