మోంటానా గడ్డిమైదానాల మీదుగా ప్రయాణం: బయలుదేరే ముందు జాగ్రత్తలు

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, రాకీ పర్వతాలకు తూర్పున పరచుకున్న గడ్డిమైదానాల మీదుగా కారులో వెళ్లదలచినవారు, ఏ నెలలోనైనా సరే, కింది విషయాలను ముందుగా సరిచూసుకోవాలి.

• శీతాకాలంలో ఉదయపు వాతావరణాన్ని చూసి రోజంతా అలాగే ఉంటుందని అనుకోకూడదు. 1972 జనవరిలో లోమా అనే ఊరిలో 24 గంటల వ్యవధిలోనే ఉష్ణోగ్రత మైనస్ 48 డిగ్రీల సెల్సియస్ నుంచి 9 డిగ్రీలకు ఎగబాకింది. పర్వతాల మీదుగా దిగుతూ వేడెక్కే చినూక్ గాలే ఇందుకు కారణం. ఆ గాలికి కరిగిన మంచు, చలి తిరిగి రాగానే రోడ్డుపై నున్నగా గడ్డకడుతుంది కనుక శీతాకాలపు టైర్లు తప్పనిసరి.

• దుప్పట్లు, తాగునీరు, ఆహారం, పార, టార్చిలైటు కారులో ఉండాలి. మంచు తుఫానులో చిక్కుకుంటే కారు విడిచి నడవకూడదు. వెచ్చదనం కోసం ఇంజిన్‌ను గంటకు సుమారు పది నిమిషాలు నడపవచ్చు. అయితే ప్రతిసారీ ముందుగా పొగగొట్టం చుట్టూ పేరుకున్న మంచును తొలగించి, ఒక కిటికీని కొద్దిగా తెరవాలి. లేనిపక్షంలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరి ప్రాణం తీస్తుంది. మిగిలినవన్నీ మరచినా దీనిని మరవవద్దని నా విన్నపం.

• మే, జూన్ నెలల్లో వర్షాలు ఎక్కువ. తడిసిన బంకమట్టి దారుల్లోకి దిగకూడదు.

• వేసవిలో ఉరుము వినిపించగానే ఆరుబయట నుంచి భవనంలోకి గాని, పైకప్పు ఉన్న కారులోకి గాని చేరాలి.

• ఆగస్టు నాటికి ఎండిపోయే గడ్డిపై వేడెక్కిన కారును నిలపకూడదు; పొగగొట్టం వేడికే మంట అంటుకోవచ్చు.