టిఫిన్ ట్రాలీ అల్యూమినియం రేకు చీలిందా? ముందు కారణం పట్టుకోండి

అనంతపురంలో ఉగ్గాని, బజ్జీ అమ్మే ట్రాలీ అయినా, జీపు వెనక తగిలించుకుని ఊరూరూ తిప్పే క్యాంటీన్ బండి అయినా, అల్యూమినియం రేకు బాడీ చీలిందంటే చాలామంది మొదట చేసే పని ఎంసీల్ పిసికి అద్దడం. దాంతో చీలిక కంటికి కనపడదు గానీ లోపల పాకుతూనే ఉంటుంది. ఎక్కడ చీలిందో, ఎటు పాకిందో చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది. ఏ పనికైనా ముందు గ్యాస్ సిలిండర్ దించేయండి, బ్యాటరీ వైరు తీసేయండి. రేకు వెనకే వైర్లు, గ్యాస్ పైపు ఉంటాయి.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా చీలిక

ఎక్కువగా కనిపించేది ఇదే. వడ్డించే కిటికీ కోసం రేకును గ్రైండర్‌తో కోసేటప్పుడు మూల దగ్గర చక్రం కొంచెం ముందుకు పోతుంది. వెంట్రుకంత గాటు మిగులుతుంది. గుంతల్లో బండి ఊగినప్పుడల్లా ఒత్తిడంతా ఆ మూల మీదే పడి, అక్కడి నుంచి రేకు చీలుతుంది. షట్టరు కబ్జాలు (మడత బందులు) ఫ్రేముకు కాకుండా ఉత్త రేకుకే బిగించి ఉంటే ఇంకా తొందరగా చీలుతుంది.

ముందు చీలిక అసలు చివర ఎక్కడుందో కనుక్కోవాలి. కంటికి ఆగినట్టు కనిపించిన చోట అది ఆగి ఉండకపోవచ్చు. కాస్త డీజిల్ రాసి, అయిదు నిమిషాలాగి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి చల్లండి. లోపలికి ఇంకిన డీజిల్ మళ్లీ పైకి వచ్చి, పొడి మీద సన్నటి తడి గీత పడుతుంది. ఆ గీత చివర, ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకు, సెంటర్ పంచ్ కొట్టి 3 ఎం.ఎం. బిట్టుతో రంధ్రం వేయండి. సూదిమొనలాంటి చివర గుండ్రంగా మారితే ఒత్తిడి చెదిరిపోయి చీలిక అక్కడ ఆగుతుంది. ఈ ఒక్క రంధ్రం మానేస్తే మీద ఎంత మంచి అతుకు వేసినా దండగే. రంధ్రం అంచుల గరుకు తీసేయండి. కిటికీ మూలను కూడా ఆకురాయితో గుండ్రంగా అరగదీయండి.

తర్వాత డీజిల్ జిడ్డు పోయేలా థిన్నర్‌తో తుడిచి, ఎమరీ (గరుకు కాగితం) పట్టండి. అంతే మందం ఉన్న అల్యూమినియం ముక్కను, చీలికకు అన్ని వైపులా నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా, మూలలు గుండ్రంగా కోయండి. వెనక పియు సీలెంట్ (ఆరాక కూడా రబ్బరులా సాగే పాలీయురెథేన్ జిగురు) పరిచి, 4 ఎం.ఎం. అల్యూమినియం పాప్ రివెట్లు (రివెట్ గన్‌తో బయటి వైపు నుంచే బిగించేవి) కొట్టండి. రివెట్‌కూ రివెట్‌కూ మధ్య 25–30 ఎం.ఎం., అంచు నుంచి కనీసం 10 ఎం.ఎం. దూరం ఉండాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ మాత్రం వాడకండి. అందులోంచి వచ్చే ఆమ్లం లోహాన్ని తింటుంది, పైగా దానిమీద పెయింట్ పట్టదు. షట్టరు కబ్జాలను ఫ్రేముకే బోల్టు వేయించండి.

రివెట్ చుట్టూ నల్లటి మసి, అక్కడి నుంచే చీలిక

రివెట్ వదులై, రేకు దానికి రాసుకుని అరుగుతోంది. ఆ మసి అరిగిన అల్యూమినియం పొడే. పాత రివెట్ తొలిచేసి, చీలిక చివర రంధ్రం వేసి, ఒక సైజు పెద్ద రివెట్ కొట్టండి. రంధ్రం బాగా సాగిపోయి ఉంటే అతుకు ముక్క తప్పదు.

మధ్యాహ్నం రేకు ఉబ్బి టప్‌మని శబ్దం

మన ఎండల పని ఇది. తెల్లవారుజాము చల్లదనానికీ మిట్టమధ్యాహ్నం ఎండకూ మధ్య రేకు వేడి 45 డిగ్రీలు పెరిగితే, 3 మీటర్ల అల్యూమినియం రేకు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. వెనకున్న ఇనుము అంతే వేడికి అందులో సగమే సాగుతుంది. రెండు చివర్లా గట్టిగా బిగిస్తే రేకు ఎటూ పోలేక ఉబ్బుతుంది, రోజూ ఇదే జరిగితే అంచున చీలుతుంది. ఒక చివర రంధ్రాలను పొడవుగా సాగదీసి, వాషర్‌తో బిగించండి. జాయింట్‌లో పియు సీలెంటే పెట్టండి, రేకుతో పాటు అదీ సాగుతుంది.

కింది అంచున తెల్లటి పొడి, సూదిబెజ్జాలు

ఇనుప ఫ్రేముకు అల్యూమినియం నేరుగా తగిలి, మధ్యలో ఉప్పునీళ్లు, కడిగిన నీళ్లు నిలిస్తే అల్యూమినియమే కరిగిపోతుంది. పాడైన పట్టీ కోసేసి, ఫ్రేముకు ప్రైమర్ కొట్టి, మధ్యలో రబ్బరు లేదా బ్యుటైల్ టేపు (జిగురుండే మెత్తటి రబ్బరు టేపు) పెట్టి కొత్త పట్టీ వేయించండి.

బాగుచేసిన చోటే మళ్లీ చీలిక

ఇలాంటప్పుడు రేకును వదిలేసి బండి కిందికి దూరి చూడండి. ఛాసిస్ వెల్డింగ్ ఎక్కడో విడిపోయి ఉండొచ్చు, కమాను పట్టీ విరిగి ఉండొచ్చు. ఒకరిని పైన అటూఇటూ నడవమని, టార్చి వేసి ప్రతి అతుకునూ గమనించండి. కదిలే అతుకు దగ్గర తుప్పు గీత కనిపిస్తుంది. దాని పైనున్న రేకు విప్పి పక్కన పెట్టి, ముందు ఆ వెల్డింగ్ చేయించండి. రేకు పని ఆ తర్వాతే.