ఉప్పాడ తీరంలో తుపాను రోజులు: గాలి కన్నా పోటును చూసుకోండి

అక్టోబరు వచ్చిందంటే కాకినాడ దగ్గరి ఉప్పాడ, సూరాడపేట, మాయాపట్నం వైపు అందరి కళ్లూ టీవీలో గాలి వేగం మీదే ఉంటాయి. ఇక్కడ ఇళ్లను తీసుకుపోయేది మాత్రం ఎక్కువగా కెరటమే. తుపాను వేరే చోట తీరం దాటినా, అమావాస్య పోటో పున్నమి పోటో దానికి తోడైతే ఒడ్డు పెళ్లలు పెళ్లలుగా విరిగి పడుతుంది. అందుకే మొదటి జాగ్రత్తగా ఆ తిథులను క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) ఎత్తైన కెరటాల గురించి ఇచ్చే హెచ్చరికలను రోజూ చూడండి. పోటు రోజుకు రెండుసార్లు, సుమారు పన్నెండున్నర గంటల తేడాతో వస్తుంది. పగటి పోటు తప్పిందని రాత్రి ఇంట్లో పడుకోవద్దు.

ఒడ్డు అంచు నుంచి ఇంటి గోడ దాకా ఇప్పుడే టేపుతో కొలిచి రాసుకోండి. ప్రతి పోటు తర్వాత మళ్లీ కొలవండి. పైకి గట్టిగా కనిపించే నేల కింద ఇసుక జారిపోయి గుల్లగా ఉంటుంది. అరుగు పగిలినా, తలుపు బిగుసుకున్నా సామాను కోసం ఆగకుండా బయటపడండి. ఇల్లు, స్థలం, పక్కన గుడో బడో కనిపించేలా తేదీతో ఫొటోలు తీసి, ఊళ్లో లేని బంధువుకు ఒక కాపీ పంపండి. స్థలమే సముద్రంలో కలిశాక అక్కడ ఇల్లుండేదని చూపించడం చాలా కష్టం.

బోటు ఇంజన్, వలలు ముందురోజే రోడ్డుకు ఇవతలికి చేర్చాలి. గుంట మగ్గం ఉన్నవాళ్లు చీర సగంలో ఉన్నా పడుగు (నిలువు దారాలు) తీసి ఎత్తున పెట్టుకోవాలి. గుంటలోకి ఉప్పునీరు దిగిందంటే ఆ పట్టు మళ్లీ పనికొస్తుందనే నమ్మకం లేదు.

ఇక గోడ సంగతి. పదిహేనేళ్ల కిందట కెరటాలకు అడ్డంగా వేసిన జియో ట్యూబ్ గోడ (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు) తుపాన్లకు చిరిగి, కుంగిపోయింది. కొత్త గోడ అడిగేవాళ్లది అన్యాయమైన కోరికేం కాదు, కళ్లముందే వీధులు పోయాయి. కానీ రాళ్ల గోడకు కొట్టుకుని వెనక్కి మళ్లే కెరటం దాని కాళ్ల కింది ఇసుకనే లాగేస్తుంది. గోడ ఆగిన చోట, పక్క ఊరి వైపు కోత ఇంకా పెరుగుతుంది. మన తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. పైన ఆనకట్టలతో గోదావరి ఇసుక తగ్గింది, దారిలో రేవు కట్టడాలు అడ్డున్నాయి. ఆ కట్టడాల దగ్గర ఆగిన ఇసుకను తవ్వి ఇటు పోయకుండా రాళ్లు మాత్రమే వేస్తే కొన్నేళ్లకు మళ్లీ ఇదే గొడవ. ఊరినే వెనక్కి జరపమనేవాళ్లు బోటు ఎక్కడ పెట్టుకోవాలో కూడా చెప్పాలి కదా! ఈ సీజన్‌కు మాత్రం గోడ చివర నిలబడకండి, దాని వెనక ఉన్నామన్న ధీమాతో ఇంట్లో ఉండిపోకండి.

కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డు మూసేశారంటే మూసేసినట్టే. కెరటాలతో సెల్ఫీల కోసం బండి మీద వచ్చేవాళ్లకు ఎంత చెప్పినా తక్కువే: ఆ కెరటంతో పాటు గోడ రాళ్లు కూడా రోడ్డు మీదికి వస్తాయి. ఆసుపత్రికి వెళ్లాల్సిన వాళ్లు పిఠాపురం మీదుగా వెళ్లే దారి ముందే చూసుకోండి. ప్రసవం దగ్గరపడిన ఆడవాళ్లను మొదటి హెచ్చరికకే పంపేయండి.

గాలి తగ్గిన తర్వాత కూడా ఒకటి రెండు రోజులు సముద్రం కోస్తూనే ఉంటుంది. పునరావాస కేంద్రం నుంచి వెంటనే తిరిగి రావద్దు. వచ్చాక మెయిన్ స్విచ్ వేసే ముందు వైరింగ్ చూపించుకోండి. బావిలోకి ఉప్పునీరు చేరి ఉంటే ట్యాంకర్ నీళ్లే తాగండి. ఎవరైనా చిక్కుకుంటే 112కు ఫోన్ చేయండి.