వ్యాపారానికి సోషల్ మీడియా, 2వ పాఠం: ఖాతా తెరిచే రోజు

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాం. కొనేవాళ్లు ఫోన్లోనో ఎదురుగానో పదే పదే అడిగే ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే కాగితం మీద రాయమన్నాం. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి. రాయకపోతే ఇప్పుడైనా ఓ అయిదారు రాసి రండి. ఈ పాఠంలో ముఖ్యమైన పనులన్నీ దాని మీదే ఆధారపడ్డాయి.

ముందు ఏ వేదిక అన్నది తేల్చేద్దాం. దీని గురించి చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. కంటితో చూసి మోజు పడే వస్తువైతే ఇన్‌స్టాగ్రామ్. ఎలా చేయాలో, ఎలా వాడాలో చూపించాల్సినదైతే యూట్యూబ్. మీ దగ్గర కొనేది వేరే కంపెనీలైతే లింక్డ్‌ఇన్. చుట్టుపక్కలవాళ్లే కొనేవాళ్లయితే ఫేస్‌బుక్ పేజీ. వీటిలో ఒకటి ఎంచుకోండి. మిగతా చోట్ల మీ పేరు ఇంకొకరు తీసుకోకుండా ఖాతా తెరిచి, అసలు ఖాతా ఎక్కడుందో ఒక్క ముక్క రాసి వదిలేయండి. ఆ ముక్క లేకపోతే, ఏడాదిగా పోస్టు లేని ఖాతా చూసి వ్యాపారం మూసేశారేమో అనుకుంటారు జనం.

ఇక అసలు సంగతి. ఖాతా ఎవరి చేతిలో ఉండాలి?

సాధారణంగా జరిగేది ఇది. యజమానికి తీరిక ఉండదు. పనిలో ఉన్న ఓ కుర్రాడు 'నేను చేస్తానండీ' అని తన ఫోన్ నంబరుతో, తన ఈమెయిల్‌తో ఖాతా తెరుస్తాడు. రెండేళ్లలో నాలుగు వేలమంది ఫాలో అవుతారు. కుర్రాడు ఉద్యోగం మారతాడు, నంబరూ మారుస్తాడు. ఆ తర్వాత పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వెళ్లేది ఆ పాత నంబరుకే. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు, అయినా ఖాతా పోయినట్టే. అందుకే వ్యాపారం కోసం విడిగా ఒక ఈమెయిల్ తెరవండి. దాని పాస్‌వర్డ్, నంబరు యజమాని దగ్గరే ఉండాలి. ఖాతా నడపడం ఎవరికైనా అప్పగించండి, ఖాతాను మాత్రం అప్పగించకండి.

ఫేస్‌బుక్‌లో ఇది కాస్త వేరు. అక్కడ పేజీకి సొంత లాగిన్ అంటూ ఉండదు, ఎవరో ఒకరి వ్యక్తిగత ప్రొఫైల్ ద్వారానే దాన్ని నడపాలి. కాబట్టి పూర్తి అధికారం మీ ప్రొఫైల్‌కు ఉంచుకుని, మీరు నమ్మే ఇంకొక్కరికి కూడా ఇవ్వండి. మీ ఖాతాకు ఏదైనా అయితే పేజీ అనాథ కాకుండా ఉంటుంది. పోస్టులు పెట్టేవాళ్లకు పరిమిత అధికారం చాలు. కొందరు పేజీ బదులు వ్యాపారం పేరుతో మామూలు ప్రొఫైలే తెరిచి ఫ్రెండ్ రిక్వెస్టులు పంపుతుంటారు. అది నిబంధనలకు విరుద్ధం. పైగా ప్రొఫైల్ 5,000 మంది స్నేహితులతో ఆగిపోతుంది, పేజీకి ఆ హద్దు లేదు.

టూ-ఫ్యాక్టర్ అథెంటికేషన్ (లాగిన్‌కు పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) ఈ రోజే ఆన్ చేయండి, రేపటికి వాయిదా వేయొద్దు. అప్పుడు ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను ఫోన్లో స్క్రీన్‌షాట్‌గా కాదు, కాగితం మీద రాసి దాచండి. ఫోన్ పోయినప్పుడే కదా వాటి అవసరం! ఖాతా కాస్త పెరిగాక ఒక మెసేజ్ తప్పకుండా వస్తుంది: 'మీరు కాపీరైట్ ఉల్లంఘించారు, 24 గంటల్లో మీ పేజీ తీసేస్తాం, అభ్యంతరం ఉంటే ఈ లింక్ నొక్కండి'. ఇన్‌స్టాగ్రామ్ లోగోతో సహా అచ్చు అసలుదానిలాగే ఉంటుంది. కంగారుపడి నొక్కకండి. ఇన్‌స్టాగ్రామ్ తన తరఫున ఈమధ్య పంపిన ఈమెయిళ్ల జాబితాను యాప్ సెట్టింగ్స్‌లోనే చూపిస్తుంది. వచ్చిన ఈమెయిల్ ఆ జాబితాలో లేదంటే దాన్ని నమ్మకండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో మామూలు ఖాతాను బిజినెస్ ఖాతాగా మార్చడానికి డబ్బేమీ కట్టక్కర్లేదు. ఫోన్, ఈమెయిల్ బటన్లు వస్తాయి, మీ పోస్టు ఎంతమందికి చేరిందో లెక్కలూ కనిపిస్తాయి. ఒక చిక్కు మాత్రం ఉంది. మామూలు ఖాతాలో వాడుకోగలిగిన సినిమా పాటలు చాలావరకు బిజినెస్ ఖాతాలో దొరకవు. వ్యక్తిగత వినియోగానికి ఇచ్చిన అనుమతి వ్యాపారానికి వర్తించదు, అదీ కారణం. ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన పాటను వీడియోకు అతికిస్తే ఇన్‌స్టాగ్రామ్ శబ్దం ఆపేయొచ్చు, వీడియోనే తీసేయొచ్చు. వ్యాపారానికి వాడుకోదగ్గ సంగీతం ఇన్‌స్టాగ్రామ్ యజమాని అయిన మెటా వాళ్ల 'సౌండ్ కలెక్షన్'లో ఉచితంగానే ఉంది. నన్నడిగితే పనిముట్ల చప్పుడు, మీ గొంతు అంతకన్నా బాగుంటాయి.

ఇప్పుడు బయో, అంటే ప్రొఫైల్‌లో మీ పేరు కింద కనిపించే చిన్న పరిచయం. ఇన్‌స్టాగ్రామ్ దీనికిచ్చే చోటు 150 అక్షరాలు. కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాలను లెక్కపెట్టే యూనికోడ్ పద్ధతిలో గుణింతపు గుర్తులు, వత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి తెలుగులో రాసేవాళ్లకు ఆ చోటు అనుకున్నదానికన్నా ముందే నిండిపోతుంది. కుర్చీలు, బల్లలు చేసే ఒక వడ్రంగి మొదటిసారి రాసే బయో దాదాపు ఇలా ఉంటుంది:

నాణ్యతే మా నినాదం. నమ్మకమే మా పెట్టుబడి. మీ ఆదరణే మా బలం.

ఇందులో అబద్ధమేం లేదు. కానీ ఇదే బయో నగల కొట్టుకీ సరిపోతుంది, ట్యూషన్ సెంటరుకీ సరిపోతుంది. కుర్చీ అన్న మాటే లేదు. ఇప్పుడు ప్రశ్నల కాగితం తీద్దాం. వడ్రంగిని జనం అడిగేవి ఇవి: 'మా గదికి సరిపడా చేసిస్తారా?', 'ఎన్నాళ్లు పడుతుంది?', 'కొలతలు ఎలా పంపాలి?', 'ఆదివారం ఉంటారా?' ఈ నాలుగింటికీ జవాబులు వరసగా పేర్చితే చాలు:

మీ గది కొలతలకు తగ్గట్టు బల్లలు, కుర్చీలు, పుస్తకాల అరలు. 3 వారాల్లో తయారీ. కొలతలు, ఫోటో వాట్సాప్‌లో పంపండి. ఆదివారం సెలవు.

చదవగానే తన పని ఇక్కడ అవుతుందో లేదో మనిషికి తెలిసిపోతుంది. అవసరం లేనివాళ్లు వెళ్లిపోతారు, వెళ్లనివ్వండి.

బయో పైన 'నేమ్' అని ఇంకో గడి ఉంటుంది. @ గుర్తుతో రాసే యూజర్‌నేమ్ వేరు, ఇది వేరు. యూజర్‌నేమ్‌లో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్ తప్ప ఇంకేమీ పట్టవు. నేమ్ గడిలో తెలుగూ పడుతుంది. వెతుకులాటలో ఈ గడిలోని మాటలు కూడా లెక్కకొస్తాయి కాబట్టి మీ పేరు పక్కన 'ఫర్నిచర్' లాంటి మాట తప్పక చేర్చండి. 14 రోజుల్లో రెండుసార్లే మార్చనిస్తారు, కాబట్టి ఆలోచించి పెట్టండి. ప్రొఫైల్ ఫోటో గుండ్రంగా, గోరంత కనిపిస్తుంది. బోర్డు మీది లోగో మొత్తం పెడితే అక్షరాలు చదవలేం. ఒక్క అక్షరమో, మీరు చేసిన ఒక వస్తువో చాలు.

ఖాతా తెరవగానే 'ఫాలో అవ్వండి' అని అందరికీ పంపేయకండి. వచ్చి చూసేవాళ్లకు అక్కడ ఏదో ఒకటి ఉండాలి. ముందుగా ఓ నాలుగైదు పోస్టులు పెట్టండి. అవి ఎక్కడి నుంచి తేవాలన్న బెంగ అక్కర్లేదు, కాగితం ఉందిగా. 'తేమకు చెక్క ఉబ్బదా?' అని ఎవరో అడిగారనుకోండి. బల్లను తిరగేసి, పైపలకను ఫ్రేముకు బిగించిన చోటు దగ్గరగా ఫోటో తీయండి. కింద ఇలా రాయండి: 'తేమకు చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, నిలువునా దాదాపు మారదు. అందుకే పలకను గట్టిగా బిగించేయకుండా కదలడానికి ఇంత సందు వదులుతాం. లేకపోతే పగులు వస్తుంది.' ఆ ఒక్క సందు చూశాక మీకు పని వచ్చని వేరే చెప్పక్కర్లేదు. పొడవాటి రాతలో మొదటి రెండు లైన్లే కనిపించి మిగతాది 'మోర్' వెనక దాక్కుంటుంది. పండగ శుభాకాంక్షల తరహాలో మొదలుపెట్టకుండా ప్రశ్నతోనే మొదలుపెట్టండి. ఫాలోయర్లను అమ్మేవాళ్ల జోలికి పోకండి. అలా వచ్చిన ఫాలోయర్లు మీ సరుకు కొనేవాళ్లు కారు, మీ పోస్టు చూసేవాళ్లు కూడా కారు.

చివరగా వాట్సాప్ బిజినెస్. 2018లో వచ్చిన ఈ యాప్‌ను మీరు వాడే వేదిక ఏదైనా సరే పెట్టుకోండి. ఒకే నంబరుతో మామూలు వాట్సాప్, ఇదీ రెండూ నడవవు, కాబట్టి వీలైతే వేరే నంబరు తీసుకోండి. తరచూ అడిగే వాటికి జవాబులు క్విక్ రిప్లైలుగా దాచుకుంటే, '/' నొక్కి ఎంచుకోవచ్చు. రాత్రిళ్లు వచ్చే మెసేజీలకు 'అవే మెసేజ్' (away message, మీరు లేనప్పుడు దానంతటదే వెళ్లే జవాబు) పెట్టండి, కానీ 'త్వరలో సంప్రదిస్తాం' అనకండి. ఏ పూట మాట్లాడతారో చెప్పండి. ఒకే మెసేజ్‌ను చాలామందికి ఒకేసారి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో మీరు పంపింది మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకని ఆర్డర్ తీసుకునేటప్పుడే 'మా నంబరు సేవ్ చేసుకోండి' అని ఒక మాట అడగడం అలవాటు చేసుకోండి.

ఈ వారం పని: బయో రాసి, మీ వ్యాపారంతో సంబంధం లేని ఒకరికి చూపించండి. మీరేం చేస్తారో, ఎలా కొనాలో వాళ్లను చెప్పమనండి. తడబడిన చోట తిరగరాయండి. తర్వాత కాగితం మీది నాలుగు ప్రశ్నలకు నాలుగు పోస్టులు పెట్టండి, ఫోటో ఎలా వచ్చినా పర్వాలేదు. కిటికీ వెలుతురులో ఫోన్‌తోనే మంచి ఫోటోలు తీయడం 3వ పాఠంలో.